అయిదు వికలల ఋణము

భూమికి అచల యనియు, స్థిర యనియు మన నిఘంటుకారులు పేరులిడిరి. ఆ పేరులు కవిత్వమునకు చాలును, శాస్త్రమునకు చాలవు. మనము నిలిచియున్న భూపటలము తన పర్వతములతోడను, పీఠభూములతోడను, సముద్రగర్భములతోడను తనకంటె సాంద్రమైన శిలాప్రావారముపై తేలుచున్నది. ఎత్తైన చోట దాని వేరు లోతుగ దిగియున్నది. పల్లమైన చోట పలుచగ నున్నది. బరువు పెరిగిన చోట క్రుంగును, తరిగిన చోట పైకి లేచును. ఈ తూనికకు సమస్థితి యని పేరు. 1889 సంవత్సరమున క్లారెన్స్ డటన్ అను అమెరికా దేశీయుడు గ్రీకు పదములను కూర్చి ఐసోస్టసీ యను మాటను వ్యాప్తిలోనికి దెచ్చెను.

ఈ సిద్ధాంతము నెవరు కనుగొనిరని మన విద్యార్థి నడుగుడు. ఏరీ యనును, ప్రాట్ అనును. ఇరువురు నాంగ్లేయులు. మార్కులు వచ్చును, పద్దు మూయబడును. మేమా పద్దును మరల తెరువగోరుచున్నాము. ఏరీ, ప్రాట్ల మేధకు మేము వంక పెట్టుట లేదు. ఆ లెక్క యే నేలపై జరిగెనో, ఎవరి చేతిమీదుగ జరిగెనో, ఎవరి సొమ్ముతో జరిగెనో ఆ పద్దులో లేదు. మా తగవంతయు ఆ లోపముతోడనే.

సంగతి మొదటినుండి చెప్పవలెను. 1802 ఏప్రిల్ నెలలో విలియం లాంబ్టన్ అను సేనాధికారి మద్రాసు చెంత పరంగికొండ సమీపమున ఏడు మైళ్ల పైచిలుకు నిడివిగల యొక ఆధారరేఖను కొలిచెను. ఇండియా మహా త్రికోణమితి సర్వేకు అది నాంది. అచ్చటినుండి త్రిభుజమునకు త్రిభుజము చేర్చుకొనుచు, ఇంచుమించు 78వ రేఖాంశము వెంబడి, సర్వే యుత్తరముగ సాగెను. తూర్పు ఇండియా కంపెనీ దీనిని జ్ఞానతృష్ణచేత మాత్రమే చేయించెనని యెవరైన నమ్మిన నమ్మవచ్చును. పటము లేనిదే పన్ను కట్టించుట కష్టము, పటాలమును నడపుట కష్టము. ఖర్చు మన రైతు చెల్లించిన శిస్తులోనిది. 1823 లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో మరణించెను. పని జార్జి ఎవరెస్టు చేతికి వచ్చెను.

ఎవరెస్టు కాలమున మూడు స్థానములు ముఖ్యములైనవి. దక్షిణమున, బీదరు సమీపమున, నాటి నిజాము రాజ్యములోని దామర్గిడ్డ. నడుమ, సిరోంజి చెంత కలియాన్‌పూర్. ఉత్తరమున, ముజఫర్‌నగరము చెంత గంగాయమునల నడిమి మైదానములోని కలియానా. ఈ కడపటిది హిమాలయపాదములకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. ఏరీ పేరు వల్లెవేయు మన బాలునకు ఈ మూడు పేరులలో దామర్గిడ్డ తన యింటి ప్రక్కదని తెలియదు.

కలియాన్‌పూర్, కలియానాల నడుమ దూరము సుమారు 600 కిలోమీటర్లు. వాని యక్షాంశముల భేదమును రెండు విధముల కనుగొనిరి. నేలపై త్రిభుజములను కొలిచి లెక్కించిన భేదము 5 డిగ్రీల 23 నిమిషముల 42.29 సెకండ్లు. ఆకాశమున నక్షత్రములను చూచి కనుగొన్న భేదము 5 డిగ్రీల 23 నిమిషముల 37.06 సెకండ్లు. తేడా 5.236 సెకండ్లు, మన జ్యోతిష్కుల భాషలో అయిదు వికలల పైచిలుకు. నేలపై అది సుమారు 160 మీటర్లగును. మైలుకు అడుగున్నర యైన లేదు! ఎవరెస్టు దానిని కొలతలో దొర్లిన పొరపాటుగ నెంచి, త్రిభుజములకు పంచివేసెను.

ఆ తేడాను పొరపాటని కొట్టివేయక పట్టుకొన్నవాడు కలకత్తాలో క్రైస్తవ మతాధికారిగ నుండిన జాన్ హెన్రీ ప్రాట్. అతని యాలోచన యిది. నక్షత్రములను చూచు యంత్రమును నిలువుగ నిలుపుటకు ఆధారము, తాపీవాడు గోడ నిలువును చూచుకొను గుండువంటి గుండే. ఆ గుండు భూకేంద్రము వైపునకు వ్రేలాడును. ప్రక్కన హిమాలయమంతటి రాశి యున్నచో అదియు గుండును తనవైపునకు లాగును. కలియానా కొండలకు దగ్గర కావున అచ్చట లాగుడెక్కువ; కలియాన్‌పూర్‌లో తక్కువ. పర్వతముల బరువును, టిబెట్టు పీఠభూమి బరువును అంచనా కట్టి ప్రాట్ లెక్కించెను. కలియానాలో 27.853 సెకండ్లు, కలియాన్‌పూర్‌లో 11.968, దామర్గిడ్డలో 6.909 సెకండ్లు గుండు వంగవలెను. మొదటి రెంటి భేదము 15.885. కాని కనబడినది 5.236 మాత్రమే. పర్వతము లాగవలసినదానిలో మూడవవంతే లాగినది!

తన లెక్క కనబడినదానితో పొసగలేదని యెరిగియు ప్రాట్ దానిని దాచక 1854 లో లండను రాయల్ సొసైటీకి పంపెను. అది మెచ్చదగిన పని. 1855 లో గ్రీనిచ్ జ్యోతిశ్శాలాధిపతి జార్జి ఏరీ దానికి సమాధానము వ్రాసెను. అంతటి పీఠభూమిని పలుచని పటలము మోయజాలదు, పగిలిపోవును. కావున పైకి కనబడు పర్వతము క్రింద తేలికరాతి వేరొకటి సాంద్రమైన పదార్థములోనికి దిగియుండవలెను. పర్వతపు రాశి యొకవైపు లాగుచుండగ, ఆ వేరున్న చోట బరువురాయి లేకపోవుటచే ఆ లాగుడు చాలవరకు చెల్లుపడిపోవునని యతని మాట. దీనికి ఏరీ యిచ్చిన పోలిక నీటిపై తేలు దుంగల తెప్ప. ఒక దుంగ మిగిలినవానికంటె ఎత్తుగ తేలుచున్నచో, దాని యడుగు మిగిలినవానికంటె లోతుగ మునిగియున్నదని చూడకయే చెప్పవచ్చును.

ఇచ్చట ఒక మాట. ఈ పాఠమును మన పిల్లలకు మంచుకొండను చూపి బోధించుట పరిపాటి. వరరామచంద్రపురము పిల్లవాడు మంచుకొండ నెన్నడు చూచెను? భద్రాద్రి మన్యమునుండి రాజమహేంద్రవరమునకు గోదావరిపై వెదురు తెప్పలు, కలప తెప్పలు దిగివచ్చిన దేశము మనది. ఏరీ తాను వ్రాసిన దృష్టాంతమే మన రేవులలో తేలుచుండగ, దానిని విడిచి ఉత్తరసముద్రమునకు పోవుటలో నున్న విజ్ఞత మాకు బోధపడలేదు.

ఇక ప్రధానవాదమునకు వత్తము. ప్రతిపక్షము వారు చెప్పునది మాకు తెలియును. "ఊహ దొరలది, చాకిరి మీది. గొలుసు పట్టినవానికి, దీపము మోసినవానికి సిద్ధాంతములో వాటా యెట్లు వచ్చును?" అని వారందురు. ఈ ప్రశ్నకు అయిదు వికలలే సమాధానము చెప్పును. 5.236 అను సంఖ్య నమ్మదగినది కానిచో ప్రాట్‌కు ప్రశ్నయే లేదు. ప్రశ్న లేనిచో ఏరీకి సమాధానమే లేదు. ఆరువందల కిలోమీటర్ల కొలతలో నూటయరువది మీటర్ల తేడా కనబడినపుడు, "ఇది కొలిచినవాని తప్పు కాదు, భూమి చేసిన పని" యని చెప్పుటకు ఎంతటి ధైర్యము కావలెను! ఆ ధైర్యము ఎచ్చటినుండి వచ్చెను? సిరోంజి చెంత నొక ఆధారరేఖను, డెహ్రాడూనులో నొక ఆధారరేఖను నేలపై స్వయముగ కొలిచిరి. సిరోంజి రేఖనుండి త్రిభుజముల మీదుగ లెక్కకట్టి డెహ్రాడూను రేఖ నిడివి యెంత కావలెనో చూచిరి. ఏడు మైళ్ల పైచిలుకు నిడివిలో, కొలిచినదానికిని లెక్కకట్టినదానికిని వచ్చిన తేడా సుమారు ఏడంగుళములు. ఏడంగుళముల నిజాయితీ గల లెక్కలో అయిదువందల యడుగుల తప్పు దాగజాలదు. ఏరీ సిద్ధాంతమునకు పునాది యీ ఏడంగుళములు.

ఆ లెక్క కట్టినవారెవరు? 1831 లో పదునెనిమిదేండ్ల రాధానాథ్ సిక్దార్ కలకత్తా హిందూ కళాశాలనుండి కంప్యూటరుగ, అనగా గణకుడుగ, సర్వేలో చేరెను. ఆ కాలమున కంప్యూటరనగా యంత్రము కాదు, మనుష్యుడు. అతనికి గణితమున సరితూగువారు ఈ దేశమున స్వదేశీయులలోగాని యూరోపియనులలోగాని మిక్కిలి తక్కువయని ఎవరెస్టే వ్రాసెను. అతనితోపాటు పేరైన మిగులని గణకులు, ఎండలో వానలో జ్వరములలో అర టన్ను బరువుగల థియొడొలైటును కొండలపైకి మోసిన కూలీలు, మైదానమున కట్టిన బురుజులపై రాత్రులు దీపములు నిలిపినవారు గలరు. యంత్రముల మాటకు వచ్చిన, ఆర్కాటువాడైన సయ్యద్ మీర్ మొహ్‌సిన్ హుస్సేన్ ఒకడు చాలును. అతడు మద్రాసులో సొమ్ములు, గడియారములు బాగుచేయు పనివాడు. అతని హస్తకౌశలమును చూచి సర్వే వారు చేర్చుకొనిరి. ఆ జ్యోతిష యంత్రములను, థియొడొలైట్లను అతడు విప్పి, సరిచేసి, కూర్చెను. ఇంగ్లండునుండి వచ్చిన యంత్రకారుడు బారో తొలగిన పిమ్మట 1843 లో ఆ పదవియే యితనికి వచ్చెను. ఒక వికలను చూపగల యంత్రమును సరిచేయువాడు, ఒక వికలను లెక్కింపగలవాడు లేనిచో అయిదు వికలల రహస్యము గుండులోనే యుండిపోవును గదా!

ఈ సిక్దారునకు జరిగిన సత్కారమును పాఠకులు వినవలెను. 1843 లో డెహ్రాడూను మేజిస్ట్రేటు వాన్సిటార్టు సర్వే కూలీలచే తన సామానును వెట్టిగ మోయింపగ, సిక్దారు అడ్డుపడెను. ఫలితము 200 రూపాయల జరిమానా, చెల్లించినవాడు సిక్దారు. 1851 లో వెలువడిన ఇండియా సర్వే విధానగ్రంథమునకు అతడు వ్రాసిచ్చిన భాగములను మొదటి కూర్పు పీఠిక కృతజ్ఞతతో పేర్కొనెను. 1870 లో అతడు మరణించెను. 1875 నాటి మూడవ కూర్పులో అతని పేరు మాయమయ్యెను. అతని గణితము మాత్రము మాయము కాలేదు. మక్డొనాల్డ్ అను ఆంగ్ల సేనాధికారియే 1876 లో ఫ్రెండ్ ఆఫ్ ఇండియా పత్రికలో దీనిని మృతుని సొత్తు నపహరించుటగ ఖండించెను. న్యాయబుద్ధి జాతిని బట్టి రాదని చెప్పుటకు ఆ పేరును కూడ మనము జ్ఞాపకముంచుకొందము. ఎవరెస్టు శిఖరపు టెత్తును సిక్దారే మొదట కనుగొని పరుగెత్తి వచ్చి చెప్పెనను కథ యొకటి ప్రచారములో నున్నది. దానిపై వాదము లున్నవి. ఆ కథ లేకున్నను అతని కీర్తికి కొరత లేదు. స్వతంత్ర భారతము 2004 లో అతని బొమ్మతో తపాలాబిళ్ల వేసినది. బిళ్ల మంచిదే; పాఠములో ఒక పేరా అంతకంటె మంచిది.

మా కత్తికి రెండవ అంచు గలదు. దొరల పేరులు తప్ప మరేమియు నెరుగని వారొకవైపు నుండగ, మరియొకవైపు వేదికలపై వేరు పాట వినవచ్చుచున్నది. భూమి నీటిపై తేలుచున్నదని మన పూర్వు లెరుగుదురు, ఆదికూర్మము మోయుచున్నది, వరాహమూర్తి యెత్తినాడు, కావున సమస్థితి మనకు క్రొత్త కాదని చప్పట్ల నడుమ చెప్పువారు గలరు. పురాణకథల రసమును మేమును ఆస్వాదింతుము. కాని కూర్మకథలో సంఖ్య లేదు. ఒక కిలోమీటరు ఎత్తైన పర్వతమునకు ఎన్ని కిలోమీటర్ల వేరు కావలెనో అది చెప్పదు. పటలపు శిల సాంద్రత 2.7, ప్రావారపు శిల సాంద్రత 3.3 అని తీసికొన్నచో ఒకటికి నాలుగున్నర యని సమస్థితి చెప్పును. తప్పని తేలిన దిద్దుకొనును. ఇట్టి యుపన్యాసకులు సిక్దారును రెండవమారు దోచుచున్నారు. మొదటి దోపిడిలో అతని పేరును పుస్తకమునుండి తీసివేసిరి. ఈ రెండవదానిలో అతనిని దాటి ఋషులయొద్దకు పోవుచున్నారు. నిజముగ చేసినవాని నెరుగక, చేయనివారి పేర చెప్పుకొను గొప్ప దేశభక్తి యెట్లగును?

విషయమునే తప్పుగ చెప్పు పాపము మరియొకటి. ప్రావారమనగ మరుగుచున్న అగ్నిసముద్రమనియు, మనము దానిపై కుండపెంకువలె నున్నామనియు పిల్లలకు చెప్పుచున్నారు. ఏరీ కాలమున లోపల ద్రవమున్నదను తలంపు గలదు; నేడు దాని నెవరును నమ్మరు. భూకంపతరంగములు ప్రావారముగుండ సాగు తీరును బట్టి అది ఘనశిలయని తేలినది. ఘనమైనను, వేడిచేత యుగయుగములుగ మెల్లగ సాగును. సుత్తితో కొట్టిన పగులునట్టి తారుముద్ద, వేసవిలో వదలివేసిన మెల్లగ పరచుకొనునట్లు. ఈ మందగమనమునకు సాక్ష్యము స్వీడను, ఫిన్లండు తీరములు. హిమయుగమున ఆ భూములపై మూడు కిలోమీటర్ల దాక మంచు పేరుకొనియుండెను. అది కరగి పదివేల యేండ్లు గడచినను, క్రుంగిన భూమి యింకను లేచుచునే యున్నది. బోత్నియా సింధుశాఖ తీరమున ఏటికి 9 మిల్లీమీటర్ల వరకు లేచుచున్నది. తాతనాటి రేవు మనుమని కాలమునకు మెరక యగుచున్నది.

హిమాలయము సంగతియు నింతే. వానలు, హిమానీనదములు కొండను కోసి సగటున ఒక కిలోమీటరు మందము రాతిని గంగకు అప్పగించినచో, కొండ యొక కిలోమీటరు తగ్గదు. బరువు తగ్గినందున క్రిందినుండి 800 మీటర్లకు పైగ లేచును. నికరముగ తగ్గునది 200 మీటర్ల లోపే. వేరు మిగిలినంతకాలము కొండ మిగులును. ద్వీపకల్పమున 35 నుండి 40 కిలోమీటర్ల మందముగల పటలము టిబెట్టు క్రింద 70 కిలోమీటర్ల వరకు నున్నదని భూకంపతరంగములు చెప్పినవి. ఏరీ వేరు ఉన్నది! అయినను అతని దుంగల పోలిక పూర్తిగ సరిపోలేదు. భారతఫలకము విడివిడి దుంగలు కాదు, బిరుసైన పలక. హిమాలయపు బరువునకు అది వంగినది. ఆ వంపున పడిన పల్లమును కొండల ఒండ్రు పూడ్చగ ఏర్పడినదే గంగామైదానము. ప్రాట్ 1859 లో వేరుమాట నొప్పక, ఎత్తైన చోట శిల తేలికయనియు, పల్లమున సాంద్రమనియు చెప్పెను. సముద్రగర్భముల విషయమున అతని మాటలో చాల నిజము గలదని నేటి శాస్త్రము నొప్పుచున్నది. పందెములో ఒకడే గెలిచెనని చెప్పు పుస్తకములను నమ్మకుడు.

ఈ చర్చ వలన మన రైతున కేమి లాభమని యడుగువారికి గోదావరి, కృష్ణా డెల్టాలను చూపెదము. ఆ లంకలు, ఆ వరిచేలు యుగములుగ నదులు తెచ్చిన ఒండ్రుమీద నున్నవి; సముద్రతీరమున ఆ పొరల మందము కిలోమీటర్ల లెక్క. అంతటి బరువు క్రింద పటలము క్రుంగును. పైనున్న ఒండ్రు తనలో తాను అణగి మరింత వేగముగ దిగును. పూర్వము ఏటేట వచ్చు క్రొత్త ఒండ్రు ఆ దిగుడును పూరించుచుండెను. ఇప్పుడు నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలైన జలాశయముల వెనుక కృష్ణ తన మట్టిని విడిచి వచ్చుచున్నది. సముద్రమా, పెరుగుచున్నది. పటలపు క్రుంగుడు వేరు, ఒండ్రు అణగుట వేరు, సముద్రపు పెరుగుదల వేరు. మూడును కలిసి రైతునకు ఉప్పునీరుగ కనబడును. ఆనకట్టలు వలదని మేమనుట లేదు. వాని ఫలము ననుభవించుచు, అవి యాపిన మట్టిని లెక్క చూడకుండుట తగదనుచున్నాము. ఏ క్రుంగుడు పాలెంతయో విడదీయనిదే కట్టకు ఖర్చు పెట్టవలెనో, ఒండ్రును వదలవలెనో, లోతునీటి తోడకమును ఆపవలెనో నిర్ణయించుట గ్రుడ్డివాని బాణమే.

విడదీయుటకు సాధనములు మనకు లేకపోలేదు. 1961 లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ హైదరాబాదులో నున్నది. సర్వే శాఖ వారి శిక్షణాలయమును అచ్చటనే ఉప్పలులో నున్నది. గురుత్వమును కొలుచు యంత్రములు, ఉపగ్రహసంకేతములు పట్టి మిల్లీమీటర్లను చూపు పరికరములు ఈ కాలమునకు క్రొత్త కావు. రాజమహేంద్రవరమునుండి అంతర్వేది వరకు, విజయవాడనుండి హంసలదీవి వరకు, మట్టపురాళ్లను చేరువచేరువగ నాటి, ఏటేట కొలిచి, ఆ యంకెలను తెలుగులో, ఊరి పేరులతో, ఎల్లరకు కనబడునట్లు ప్రకటింపవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కోరుచున్నాము. ప్రకటించునపుడు కొలిచిన ఉద్యోగుల పేరులను, రాయి నాటిన కూలీల పేరులను విడువకుడు. పాఠ్యగ్రంథములు కూర్చు పెద్దలకు, తెలంగాణమున నేమి, ఆంధ్రమున నేమి, మా విన్నప మొక్కటే. సమస్థితి పాఠమును దామర్గిడ్డతో మొదలిడుడు; 15.885, 5.236 అను రెండంకెలను నల్లబల్లపై వ్రాయించి, ఈ తేడా యెచ్చటికి పోయెనని పిల్లల నడుగుడు. వారు తడుముకొనిన పిమ్మట గోదావరి తెప్పను చూపుడు. ఏరీ, ప్రాట్ల పేరులు ఆ తరువాత చెప్పవచ్చును, వాని ప్రక్కనే సిక్దార్ పేరును, మొహ్‌సిన్ హుస్సేన్ పేరును.